వేడిగాలి పోయే దారి

1971 మార్చిలో జెనీవా మోటార్ షోలో లంబోర్గినీ వాళ్లు పసుపు రంగు బండి ఒకటి తెచ్చి నిలబెట్టారు. పేరు కౌంటాష్ ఎల్పీ500. బెర్టోనే సంస్థలో పనిచేసే మార్చెల్లో గాందీనీ దాని ఆకారం గీశాడు. ముక్కు నుంచి ముందు అద్దం పైఅంచు దాకా ఒకటే ఏటవాలు. తలుపులు పక్కకు తెరుచుకోవు, పైకి లేస్తాయి. ఇంజన్ వెనక, మనిషి ముందు. భుజాల మీద సన్నని చీలికలు తప్ప గాలికంటూ పెద్ద దారేదీ కనిపించదు. జనం నోరెళ్లబెట్టారు. ఆ తర్వాత కంపెనీ టెస్ట్ డ్రైవర్ బాబ్ వాలెస్ దాన్ని రోడ్డెక్కించాడు. ఇంజన్ కుతకుతలాడింది. చీలికల్లోంచి దూరే గాలి ఆ పన్నెండు సిలిండర్లకు ఏ మూలకూ చాలలేదు. 1974లో అమ్మకానికొచ్చిన ఎల్పీ400 భుజాల మీద పెద్ద పెద్ద గాలిపెట్టెలు మొలిచాయి, పక్కరేకుల్లో గాలిని లోపలికి పీల్చే లోతైన నాకా డక్టులు పడ్డాయి. హాస్టల్ గదుల్లో ఆ బండి పోస్టరు అంటించుకున్న తరం మోజుపడింది ఆ పెట్టెల్ని చూసే. రేడియేటర్ల బాధ పడలేక పెట్టినవి అవి.

ఆ తరంలో నేనూ ఒకణ్ణి. మాది విజయవాడ. నాన్న ఆటోనగర్‌లో లారీలకూ బస్సులకూ రేడియేటర్లు బాగుచేసేవారు. నేను ఇంజనీరింగు చదివి, డెట్రాయిట్ చేరి, ఉద్యోగమంతా కార్ల కూలింగ్ మీదే చేసి రిటైరయ్యాను. ఇక్కడ మిషిగన్‌లో శీతాకాలం వచ్చిందంటే గరాజు తలుపులు మూసుకుని పాత స్పోర్ట్స్ కార్ల రెప్లికాలు కట్టుకునే వాళ్లకు కొదవలేదు. ఒకాయన కోబ్రా, ఒకాయన జీటీ40, ఇంకొకాయన లోటస్ సెవెన్. ఫైబర్‌గ్లాస్ ఒళ్లు, ఛాసిస్ ఎవరో ఒకరు అమ్ముతారు. ఇంజన్ పాత సామాన్ల దుకాణంలో దొరుకుతుంది. రేడియేటర్ ఎక్కడ పెట్టాలి, ఎంత వంచాలి, పైపులు ఎటు తిప్పాలి అన్న చోట పని ఆగిపోతుంది. అప్పుడు నన్ను కబురు పెట్టి పిలుస్తారు. నేను వెళ్లి మొదట అడిగే ప్రశ్న ఒకటే: వేడిగాలి ఎటు పోతుంది? చాలామంది గాలి వచ్చే రంధ్రం చూపిస్తారు. నేను అడిగింది అది కాదు. ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి కార్లవాళ్లకూ విమానాలవాళ్లకూ చాలా ఏళ్లు పట్టింది. ఆ కథే ఇది.

1886లో కార్ల్ బెంజ్ పేటెంటు తీసుకున్న మూడు చక్రాల బండికి అసలు రేడియేటరే లేదు. సిలిండర్ చుట్టూ ఉన్న నీళ్లు మరిగేవి, ఆవిరయ్యేవి, ఆవిరితో పాటు వేడీ పోయేది. పోయిన నీళ్లు మళ్లీ పోసుకోవాలి. 1888 ఆగస్టులో బెంజ్ భార్య బెర్తా ఇద్దరు కొడుకుల్ని వెంటబెట్టుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని తల్లి ఇంటికి అలాంటి బండి మీదే వెళ్లింది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దారి. పెట్రోలు లాంటి ఇంధనాన్ని మందుల షాపులో కొన్న కథ అందరూ చెబుతారు గానీ, ఆమె ఎక్కువసార్లు ఆగింది నీళ్ల కోసం.

వేడిని నీళ్లలోంచి గాలిలోకి దించే పనిని ఒక కళగా మార్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. డైమ్లర్ కంపెనీలో ఉండగా, ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి ఒత్తిడి మీద, 1900 చివరికల్లా 35 హార్స్‌పవర్ బండి తయారుచేశాడు. యెలినెక్ కూతురి పేరే దానికి పెట్టారు, మెర్సిడెస్ అని. దాని ముందు భాగంలో ఉన్నది తేనెపట్టు రేడియేటర్. ఆరు మిల్లీమీటర్ల చదరపు గొట్టాలు 8,070 పక్కపక్కన పేర్చి టంకం పెట్టారు. గొట్టాల్లోంచి గాలి పోతుంది, వాటి మధ్య సందుల్లో నీళ్లు తిరుగుతాయి. బండి నెమ్మదిగా పోయేటప్పుడు గాలి చాలదని వెనక ఒక ఫ్యాను. అంతకు ముందు బండ్లు మోసిన నీళ్లలో సగం, 9 లీటర్లు, దీనికి సరిపోయాయి. 1901 మార్చిలో నీస్ పట్టణంలో జరిగిన పందేల వారంలో ఈ బండి మిగతావాటిని మట్టికరిపించింది. ఎనిమిది వేల గొట్టాలకు టంకం పెట్టిన చేతులెవరివో చరిత్రలో లేదు. నాన్న కొలిమి పక్కన కూర్చుని పెరిగినవాణ్ణి కాబట్టి నాకు మాత్రం మేబాక్ కంటే ముందు వాళ్లే గుర్తొస్తారు.

అప్పటినుంచి రేడియేటరే బండి ముఖమైంది. రోల్స్‌రాయిస్‌ను దూరం నుంచి గుర్తుపట్టేది గుడి ముఖద్వారం లాంటి ఆ రేడియేటర్‌ను బట్టే. రెనో వాళ్లు మాత్రం 1920ల చివరి దాకా రేడియేటర్‌ను ఇంజన్ వెనక పెట్టి, ముందుకు వాలిన బానెట్‌తో తిరిగారు. హెన్రీ ఫోర్డ్ 1908లో తెచ్చిన మోడల్ టీ మొదటి రెండున్నర వేల బండ్లకు నీళ్ల పంపు ఉండేది. తర్వాత దాన్ని తీసేశారు. వేడినీళ్లు పైకి లేస్తాయి, చల్లబడ్డవి కిందికి దిగుతాయి, ఆ తేడాతోనే తిరుగుడంతా. అందుకు రేడియేటర్ ఎత్తుగా ఉండాలి, నిలువుగా ఉండాలి, ఇంజన్‌కు దగ్గరగా ఉండాలి. ఈ మూడు షరతులు ఉన్నన్నాళ్లు కార్లు ఎత్తుగా, ముక్కు నిక్కబొడుచుకుని ఉండక తప్పలేదు. పంపు ప్రతి బండికీ వచ్చాక, రేడియేటర్‌కు ఒత్తిడి మూత వచ్చాక కట్లు తెగాయి. లోపల వాతావరణ పీడనానికి పైన మరొక బార్ ఒత్తిడి నిలబెడితే నీళ్లు 100 డిగ్రీలకు కాక 120 దగ్గర మరుగుతాయి. వేడిగా ఉన్న రేడియేటర్ మూత తిప్పొద్దని పెద్దలు మొత్తుకునేది ఇందుకే. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మొహానికి కొడతాయి.

1930లలో రేడియేటర్ గ్రిల్లు వెనక దాక్కుంది. బండి అందంగా కనబడాలి, గాలిని చీల్చుకుపోవాలి. అప్పుడు మొదలైంది అసలు చిక్కు. గాలికి అడ్డంగా పెట్టిన రేడియేటర్ బండిని వెనక్కి లాగుతుంది. దీనికి మందు కార్లవాళ్ల కంటే ముందు విమానాలవాళ్లు కనిపెట్టారు. 1931లో ష్నైడర్ ట్రోఫీ గెలిచిన సూపర్‌మెరీన్ ఎస్.6బి సముద్రవిమానం గంటకు 547 కిలోమీటర్ల వేగం చూపించింది. దానికి బయటికి పొడుచుకొచ్చిన రేడియేటరే లేదు. రెక్కల రేకుల కింద, నీళ్లమీద తేలే ఫ్లోట్ల రేకుల కింద నీళ్లు పారించి, విమానం ఒంటినే రేడియేటర్ చేశారు. పందెం విమానానికి అది చెల్లింది, తూటాలు తినే యుద్ధవిమానానికి చెల్లదు.

1935లో ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరో పరిశోధనాలయంలో ఎఫ్. డబ్ల్యూ. మెరెడిత్ అనే ఆయన ఒక లెక్క రాశాడు. రేడియేటర్‌ను గాలిలోకి నేరుగా చాపకండి, సొరంగంలో పెట్టండి అన్నాడు. సొరంగం నోరు చిన్నదిగా ఉండి లోపలికి వెడల్పవుతూ పోవాలి. అలా వెడల్పయితే గాలి నెమ్మదిస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది, రేడియేటర్‌ను నింపాదిగా దాటుతుంది. అక్కడ వేడెక్కి ఉబ్బుతుంది. ఆపైన సొరంగం మళ్లీ సన్నగిల్లి, ఆ గాలిని వేగంగా వెనక్కి చిమ్మాలి. లాగుడులో ఎంతోకొంత తిరిగొస్తుంది. 1940 అక్టోబరులో మొదటిసారి ఎగిరిన అమెరికన్ మస్టాంగ్ విమానం పొట్ట కింద వేలాడే ఆ బుట్ట ఇదే. దాని వెనక అంచున ఒక తలుపు ఉంటుంది. ఎంత గాలి పోవాలో ఆ తలుపు నిర్ణయిస్తుంది, ముందు నోరు కాదు. గాలిని అదుపు చేయాలంటే వెనక నుంచి చేయాలన్న సంగతి అక్కడ రుజువైంది.

మెరెడిత్ పేరు వినకుండానే ఈ సంగతి తెలిసినవాళ్లు మా ఊళ్లో ఉండేవాళ్లు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు హైదరాబాదు రోడ్డు మీదో, ఘాట్ రోడ్డు మీదో లోడు లాగే ముక్కు లారీల డ్రైవర్లు బానెట్ పక్కరేకులు విప్పి క్యాబిన్‌లో పడేసి నడిపేవాళ్లు. కొత్తగా వచ్చిన క్లీనర్లు ముందు గ్రిల్లు విప్పబోతే నాన్న అరిచేవారు. “ఒరేయ్, ముందుది ఉంచరా! లోపలికి వచ్చిన గాలికి బయటికి తోవ లేక ఏడుస్తుంటే ఇంకా రమ్మంటావేంట్రా?” ఒక్క కిటికీ ఉన్న గదిలో ఎంత గాలివాన వచ్చినా గాలి ఆడదు, ఎదురు కిటికీ తెరవాలి. ఇంజనీరింగు కాలేజీలో మెరెడిత్ లెక్క చదివేనాటికి ఆ సూత్రం నాకు పాతదే.

స్పోర్ట్స్ కార్లలో ఇంజన్ వెనక్కి వెళ్లడంతో కథ మలుపు తిరిగింది. ఫెర్డినాండ్ పోర్షే గీయగా 1934లో పందేలకు దిగిన ఆటో యూనియన్ రేసు కారులో ఇంజన్ డ్రైవర్ వెనక, రేడియేటర్ ముక్కులో. మధ్యలో నీళ్లు పోవడానికి వేరే పైపులెందుకని ఛాసిస్ గొట్టాల్లోంచే పంపారు. బరువు కలిసొచ్చింది, కానీ ఛాసిస్ అతుకులు కారడం మొదలయ్యాక విడి పైపులు వేసుకున్నారు. 1959లో, 1960లో జాక్ బ్రబామ్‌ను ప్రపంచ ఛాంపియన్ చేసిన కూపర్ కార్లదీ ఇదే పొందిక: వెనక ఇంజన్, ముందు రేడియేటర్. మధ్యలో కూర్చున్న డ్రైవర్‌కు అటూ ఇటూ వేడి. 1970లో కొలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్ కలిసి లోటస్ 72 తెచ్చారు. ముక్కులో ఉన్న రేడియేటర్‌ను రెండు చేసి డ్రైవర్‌కు చెరో పక్క పెట్టారు. ముక్కు ఉలిలా పలచనైంది, పైపులు పొట్టివయ్యాయి, వేడిగాలి పక్కనుంచి వెనక్కి పోయింది. ఫార్ములా వన్ ఇంకా ఆ పొందికనే వాడుతోంది.

రోడ్డు కార్లలో ఫెరారీ అదే దారిన వెళ్లింది. 512 బీబీ మోడల్‌లో రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక. వేడినీళ్ల పైపులు మనుషులు కూర్చునే చోటు కిందుగా పోయేవి, లోపల ఉక్క. 1984లో వచ్చిన టెస్టరోసాలో రెండు రేడియేటర్లనూ వెనక చక్రాల ముందు పక్కలకు జరిపారు. పక్కన అంత పెద్ద రంధ్రం తెరిచి వదిలేయడానికి కొన్ని దేశాల నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి దానికి అడ్డంగా పొడుగాటి పట్టీలు వేశారు. ఆ పట్టీలే ఆ దశాబ్దపు ఫ్యాషన్ అయ్యాయి. కోబ్రా ఆకారాన్ని దిద్దిందీ వేడే. ఇంగ్లండ్‌లో రెండు లీటర్ల ఇంజన్‌తో తిరిగిన ఏసీ ఏస్‌లో కరోల్ షెల్బీ 1962లో ఫోర్డ్ వీ8 బిగించాడు. 1965కల్లా అది ఏడు లీటర్ల 427 ఇంజన్ అయింది. ఇంజన్ పెరిగే కొద్దీ ముందు నోరు పెద్దదైంది. ముందు చక్రాల వెనక రెక్కల్లో కనిపించే చీలికలు వేడిగాలి వదలడానికే. మనం ముచ్చటపడే స్పోర్ట్స్ కారు ముఖాల్లో సగం ఇలా వేడితో బేరమాడి కుదుర్చుకున్నవే.

ఇక రెప్లికాల సంగతి. ఇంగ్లండ్‌లో కొత్త కారు మీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది, విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ ఆ సందులోంచి పుట్టి పెరిగింది. 1973లో వ్యాట్ వచ్చి ఆ సందు మూసుకుపోయింది. అదే ఏడాది సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వాళ్ల చేతికి వెళ్లాయి, బండి ఇంకా బతికే ఉంది. 1996లో రాన్ చాంపియన్ అనే స్కూలు మాస్టారు 250 పౌండ్లలో స్పోర్ట్స్ కారు కట్టుకోవడం ఎలాగో పుస్తకం రాశాక, పాత ఎస్కార్ట్ భాగాలతో సెవెన్ పోలికల బండి కట్టుకోవడం అక్కడ ఒక ఉద్యమమైంది. మన దేశంలోనూ చింకారా అనే చిన్న కంపెనీ, కాంటెస్సా కారులో వాడిన ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్‌తో సెవెన్ పోలికల రోడ్‌స్టర్ తయారుచేసింది.

అమెరికాలో వేరే దారి. 1964లో బ్రూస్ మేయర్స్ అనే కాలిఫోర్నియా పడవల పనివాడు ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ భాగాల మీద ఫైబర్‌గ్లాస్ ఒళ్లు బిగించి మేయర్స్ మాంక్స్ బగ్గీ చేశాడు. ఆ వెనకే పోర్షే స్పీడ్‌స్టర్, పోర్షే 550 రెప్లికాలు బీటిల్ నేల మీద పుట్టుకొచ్చాయి. బీటిల్ ఇంజన్ గాలితో చల్లబడేది. నీళ్లు లేవు, రేడియేటర్ లేదు, తలనొప్పి లేదు. తర్వాత కొందరు బలం చాలక వాటిలో సుబారు ఇంజన్లు పెట్టబోయారు. ఇంజన్ చక్కగా పట్టింది. రేడియేటర్‌కు మాత్రం ఆ గుండ్రటి ఒంట్లో ఎక్కడా చోటు లేదు! ముక్కు కింద దాచాలి, నేల కింద పైపులు లాగాలి, ముందు రంధ్రం చేస్తే పోర్షే పోలిక చెడుతుంది. 1984 నుంచి 1988 దాకా అమ్మిన పాంటియాక్ ఫియెరో మీద ఫెరారీ పోలికలు బిగించినవాళ్లకు వేరే చిక్కు. దాని రేడియేటర్ ముందు, ఇంజన్ వెనక, నీళ్ల పైపులు గుమ్మాల కింద. తెలియనివాళ్లు జాకీ సరిగ్గా పైపు కిందే పెట్టి ఎత్తేవాళ్లు. పైపు నొక్కుకుపోయేది. బండి వేడెక్కుతోందని రేడియేటర్ మార్చి, పంపు మార్చి, చివరికి ఆ సొట్ట దొరికేది.

టీవీ చూసినవాళ్లకు మయామీ వైస్ గుర్తుండే ఉంటుంది. మొదటి రెండు సీజన్లలో హీరో నడిపిన నల్లటి ఫెరారీ డేటోనా నిజానికి కార్వెట్ మీద కట్టిన రెప్లికా. ఫెరారీ కోర్టుకెక్కింది. 1986లో మూడో సీజన్ మొదట్లో ఆ బండిని పేల్చేసి, తెల్లటి అసలు టెస్టరోసాను తెచ్చారు. నకలు పోయి పక్క రేడియేటర్ల బండి వచ్చిందన్నమాట. 2015లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం చిన్న కంపెనీలు ఏడాదికి 325 రెప్లికాల దాకా అమ్ముకునే వీలు కల్పించింది. దాంతో ఒకప్పటి దొంగచాటు వ్యవహారం మర్యాద గల వ్యాపారమైంది.

ఇప్పుడు ఒక బండిని దగ్గర నుంచి చూద్దాం. నా మిత్రుడు కడుతున్నది జీటీ40. ఫోర్డ్ వాళ్ల అసలు జీటీ40 నేల నుంచి పైకప్పు దాకా నలభై అంగుళాల ఎత్తు, పేరులోని అంకె అదే. 1966 నుంచి 1969 దాకా వరసగా నాలుగేళ్లు లె మాన్స్ గెలిచింది. వెనక వీ8, ముక్కులో రేడియేటర్, ముక్కు పైన వేడిగాలి వదిలే రంధ్రాలు. అది గంటకు 300 కిలోమీటర్ల పైన పరిగెత్తడానికి కట్టిన యంత్రం. రెప్లికా బతుకు వేరు, ఎర్రదీపం దగ్గర, పార్కింగ్ వరసలో గడిచేది ఎక్కువ. అసలు దానికి ఎన్నడూ ఎదురుకాని పరీక్ష ఇది. కొలతలు అచ్చుగుద్దినట్టు దించినా వేడి లెక్క దిగదు.

కాబట్టి మొదట లెక్క వేశాం. పెట్రోలు వేడిలో స్థూలంగా మూడో వంతు చక్రాలకు, మూడో వంతు పొగగొట్టానికి, మూడో వంతు నీళ్లకు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు నీళ్లలోంచి 40 కిలోవాట్లు తీయాలనుకోండి. నిమిషానికి 60 లీటర్ల కూలెంట్ తిరిగితే అది రేడియేటర్‌లో పది డిగ్రీల పైచిలుకు చల్లబడాలి. ఆ వేడి తీసుకున్న గాలి 40 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే సెకనుకు కిలో గాలి కావాలి, అంటే దాదాపు 870 లీటర్లు. రేడియేటర్ కోర్ 60 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు. దానిలోంచి గాలి సెకనుకు నాలుగు మీటర్లు నడిస్తే చాలు, మనిషి పరుగు వేగం. బండి గంటకు వంద కిలోమీటర్లు పోతుంటే ఎదురుగాలి సెకనుకు 28 మీటర్లు. అంటే లెక్క ప్రకారం నోరు కోర్‌లో ఏడో వంతున్నా చాలు. నష్టాలు కలుపుకుని పావు నుంచి మూడో వంతు ఇస్తాం. ముందు నోరు పెద్దది చేయాలన్న ఆరాటం ఎంత అనవసరమో ఈ ఒక్క లెక్క చెబుతుంది. పైగా 30 డిగ్రీల గాలి 70కి వేడెక్కితే దాని పరిమాణం 13 శాతం పెరుగుతుంది. వచ్చినదాని కంటే పోవలసింది ఎక్కువ!

ఊళ్లను బట్టి లెక్క మారుతుంది. రేడియేటర్ పనితనం నీళ్లకూ గాలికీ ఉన్న వేడి తేడాను బట్టి ఉంటుంది. నీళ్లు 90 డిగ్రీలుంటే, మిషిగన్ వసంతంలో 10 డిగ్రీల గాలికి తేడా 80. మే నెల విజయవాడలో 45 డిగ్రీల గాలికి తేడా 45. అంటే అదే రేడియేటర్ మా ఊళ్లో సగం కంటే కాస్త ఎక్కువ పని మాత్రమే చేస్తుంది. హైదరాబాదులోనో బెంగళూరులోనో ఇలాంటి బండి కట్టాలనుకునే కుర్రవాళ్లు విదేశీ కిట్‌తో వచ్చిన రేడియేటర్‌ను కళ్లుమూసుకుని బిగించకూడదనడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

తర్వాత పొందిక. ముక్కు పలచన కాబట్టి రేడియేటర్‌ను పైభాగం ముందుకు వచ్చేలా వంచి నిలబెట్టాం, నీళ్లు అడ్డంగా పారే రకం. నోటి నుంచి కోర్ అంచు దాకా అల్యూమినియం రేకుతో పెట్టె కట్టి, అంచులన్నీ నురుగు పట్టీతో మూశాం. గాలికి సందు దొరికితే కోర్‌లోంచి పోదు, చుట్టూ తప్పించుకుపోతుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడిగాలి ఆ సందుల్లోంచే ముందుకు తిరిగి వచ్చి మళ్లీ కోర్‌లో దూరుతుంది కూడా. వెనక ఫ్యాన్లు రెండు, వాటి చుట్టూ పూర్తి తొడుగు, ష్రౌడ్. ఫ్యాను డబ్బా మీద రాసిన అంకె ఎదురుగా ఏ అడ్డూ లేకుండా కొలిచినది. కోర్ వెనక బిగిస్తే బాగా తగ్గుతుంది.

వేడిగాలి రంధ్రాల చోటు మీద మాకు గట్టి వాదన నడిచింది. అతను వాటిని ముందు అద్దం దగ్గరికి జరుపుదామన్నాడు, అక్కడ చోటు బాగుందని. నేను ఒప్పుకోలేదు. అద్దం మొదట్లో గాలి గుద్దుకుని ఒత్తిడి పెరుగుతుంది. 1970 షెవెల్ మీద షెవర్లే వాళ్లు బానెట్ వెనక అంచున, అద్దం వైపు తిరిగిన మూత పెట్టింది అక్కడి ఒత్తిడి గాలిని ఇంజన్‌లోకి పీల్చుకోవడానికే. అక్కడ వేడిగాలి రంధ్రం పెడితే గాలి బయటికి పోకపోగా లోపలికి వస్తుంది. ముక్కు పైకి వంపు తిరిగే చోట గాలి వేగం ఎక్కువ, ఒత్తిడి తక్కువ, అదే లోపలి గాలిని లాగుతుంది. ఫోర్డ్ వాళ్లు రంధ్రాలు పెట్టింది అక్కడే. చివరికి రంధ్రాల చుట్టూ ఊలు ముక్కలు టేపుతో అంటించి, పక్క బండిలోంచి ఫోన్‌తో వీడియో తీశాం. పారదర్శకమైన సన్న గొట్టంలో రంగునీళ్లు పోసి, ఒక కొస కోర్ ముందు, ఒక కొస వెనక పెట్టి ఒత్తిడి తేడా చూశాం. ఊలు ముక్కలు రెపరెపలాడుతూ పైకీ వెనక్కీ వాలాయి. వాదన ముగిసింది.

ఇక పైపులు. మధ్యలో మూడు మీటర్ల దూరం, వెళ్లేది ఒకటి, వచ్చేది ఒకటి. ఇంజన్ కంటే రేడియేటర్ కిందికి ఉంది కాబట్టి గాలి బుడగలు ఎక్కడ చిక్కుకుంటాయో ముందే చూసుకోవాలి. హెడర్ ట్యాంకు నీళ్ల దారంతటికీ ఎత్తైన చోట, ఒత్తిడి మూత దాని మీద. రేడియేటర్ పైమూల నుంచీ ఇంజన్ హెడ్ నుంచీ సన్న గొట్టాలు దానిలోకి, దాని అడుగు నుంచి లావు గొట్టం పంపు పీల్చే వైపుకు. బుడగ పైకి వచ్చి ట్యాంకులో తేలిపోతుంది, నీళ్లు మాత్రమే పంపులోకి దిగుతాయి. పైపులకు జాకీ తగలకుండా కింద ఉక్కు బద్ద వేశాం.

ఆ పని జరుగుతున్నప్పుడు నాన్న దుకాణం పద్ధతే నేను వాడాను. లీకు చూడాలంటే ఆయన రేడియేటర్ నోళ్లు రబ్బరు బిరడాలతో బిగించి, నీళ్ల తొట్టిలో ముంచి, సైకిలు పంపుతో గాలి కొట్టేవారు. బుడగ లేచిన గొట్టాన్ని సుద్దముక్కతో గుర్తుపెట్టి, గీకి శుభ్రం చేసి, యాసిడ్ పూసి టంకం పెట్టేవారు. మరీ పాడైన గొట్టమైతే రెండు చివరలా మూసేసేవారు. అప్పటి రేడియేటర్లు రాగివి, ఇత్తడివి. ఇప్పటివి అల్యూమినియం, ప్లాస్టిక్ ట్యాంకులవైతే టంకానికి లొంగవు, విసిరి కొత్తది తేవడమే. 1970ల నుంచి కార్లు అల్యూమినియంకు మారుతూ వచ్చాయి, ఆ మార్పుతో ప్రపంచమంతటా రేడియేటర్ మేస్త్రీల చేతిపనికి గిరాకీ పడిపోయింది. రెప్లికా కట్టేవాళ్ల వల్ల ఇక్కడ ఆ చేతికి కొంత పని దొరుకుతోంది. కొలతకు కోర్ కోసి, ట్యాంకులు వెల్డ్ చేసి ఇచ్చే చిన్న దుకాణాలు బతుకుతున్నది మా లాంటి వాళ్ల మీదే. ఏ క్యాటలాగులోనూ లేని ఆకారం అడిగేది మేమే కదా.

రెప్లికా కట్టినవాణ్ణి చాలామంది నకలుగాడని చిన్నచూపు చూస్తారు. ఒళ్లు విషయంలో అది నిజమే, ఆ గీత గాందీనీది, చాప్‌మన్‌ది. కూలింగ్ మాత్రం నకలు చేయడానికి వీలైనది కాదు. ఇంజన్ వేరు, ఊరు వేరు, రోడ్డు వేరు, నడిపే తీరు వేరు. మేబాక్ కూర్చుని వేసిన లెక్కే గరాజులో వీడూ మొదటినుంచి వేసుకోవాలి. అందుకే ఎవరైనా రెప్లికా కొనడానికి నన్ను వెంట తీసుకెళితే పెయింటు జోలికి పోను. బండి స్టార్ట్ చేయించి, ఎండలో ఒక పావుగంట ఊరికే నడవనిచ్చి, యజమానిని నా మామూలు ప్రశ్నే అడుగుతాను. వేలు పెట్టి చూపిస్తే బేరం మొదలుపెట్టమంటాను. “ఏదోలా పోతుంది లెండి” అంటే మాత్రం డబ్బు జేబులోనే ఉంచుకోమంటాను.